రెండో ట్యాంకు

మంగళవారం వచ్చిందంటే మురుగు లేని ట్యాంకుకు గాలి పెట్టాలి. అది ఊరి మురుగు ప్లాంటు ట్రస్టీల చైర్మన్ హార్లన్ టిబెట్స్ పెట్టిన నియమం. ఎందుకని అడిగితే సిద్ధంగా ఉండాలంటాడు. దేనికి సిద్ధంగా అని అడగడం స్పర్లింగ్ కోవ్ ఊళ్ళో అందరూ ఎప్పుడో మానేశారు.

అర్విల్లా డార్ రెండు జతల చేతితొడుగులు ఒకదాని మీద ఒకటి వేసుకుని, గడ్డపార భుజాన పెట్టుకుని, రెండో ట్యాంకు మీది ఇనప వంతెన ఎక్కింది. మార్చి సగం గడిచినా నీటి మీద ఇంకా అరచేయి మందాన మంచు పెచ్చు కట్టి ఉంది. నేల కింది నీళ్ళు ఎగదోస్తే ఖాళీ ట్యాంకు పైకి లేచి పగులుతుందని అందులో ఎప్పుడూ మంచినీళ్ళు నింపి ఉంచుతారు. ఆ పెచ్చును అంచుల వెంబడి పొడుచుకుంటూ ఒక చుట్టు తిరిగొచ్చి, గాలి ఊదే బ్లోయర్ స్విచ్ వేసింది. అడుగు నుంచి బుడగలు లేచాయి. శుభ్రమైన నీళ్ళు ఏ పనీ పాటా లేకుండా గంటసేపు తెర్లుతూ కూర్చున్నాయి. ఊరి మురుగంతా కలిపినా పక్కనున్న మొదటి ట్యాంకులోనే సగానికి రాదు. ఈ రెండోది సార్డీన్ చేపల ఫ్యాక్టరీ కోసం కట్టింది. ఆ ఫ్యాక్టరీలో పని ఆగి ఇరవై మూడేళ్ళయింది.

కింద పంపు గదిలో విన్‌స్లో ఆలీ బోర్లా పడుకుని, మోచేతి దాకా పంపులోకి చెయ్యి దూర్చి, కొక్కెంతో తడి టిష్యూల ముద్దను లాగుతున్నాడు. ప్లాంటులో ఉన్నది వాళ్ళిద్దరే. వారంలో ఐదు రోజులు ఆమెవి, శని ఆదివారాలు, ఆమె సెలవు రోజులు అతనివి. ఇలాంటి రోత పనులు మాత్రం ఇద్దరివీ.

"ఇవి చంటిపిల్లల ముడ్లు తుడిచే కాగితాలు. ఊళ్ళో చంటిపిల్లలు ముగ్గురే. మరి ఇన్ని ఎవరు తుడుచుకుంటున్నట్టు?" అన్నాడు విన్‌స్లో.

"పెద్దవాళ్ళు సుఖం మరిగారు" అంది అర్విల్లా, బకెట్ అతని వైపు జరుపుతూ.

ఆమె బురద అడుగుకు దిగే సెట్లింగ్ ట్యాంకు దగ్గరికి వెళ్ళి, నిలువెత్తు పారదర్శక గొట్టాన్ని నిదానంగా నీళ్ళలోకి దించింది. అడుగు తగలగానే పైకి లాగి, గోధుమరంగు బురద ఏ గీత దాకా ఉందో కళ్ళు చికిలించి చూసింది. రెండడుగుల పావు. బాగుంది. ఆ కొలత అట్ట మీద పెన్సిల్‌తో రాస్తుండగా హార్లన్ ట్రక్కు గేటు దగ్గర ఆగింది. మనిషి కంటే ముందు అతని ట్రక్కులోని ఎర చేపల కంపు లోపలికి వచ్చింది. ఒకప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళు డబ్బాల్లో సర్దిన చేపలనే ఇప్పుడు హార్లన్ పీపాల్లో ఉప్పేసి లాబ్‌స్టర్ పట్టేవాళ్ళకు ఎరగా అమ్ముతున్నాడు. ఆ ఫ్యాక్టరీ వాళ్ళ నాన్నది. పడవలు ఆగే వార్ఫు మీద ఆ కట్టడం ఇప్పటికీ ఉంది, తాళం వేసి.

హార్లన్ చెప్పింది ఇదీ. మురుగు వదిలే లైసెన్సుల మీద రాష్ట్రం ఫీజు దాదాపు రెండింతలు చేయబోతోంది. రేపు రాష్ట్ర రాజధాని ఆగస్టాలో చట్టసభ కమిటీ ముందు విచారణ. ఫీజు కట్టేది ఊరు వదిలే నీళ్ళను బట్టి కాదు, లైసెన్సులో రాసి ఉన్న అంకెను బట్టి. ఆ అంకె రోజుకు మూడు లక్షల గ్యాలన్లు. ఊరు వదిలేది అరవై వేలు. ఫీజు పెరిగితే ట్రస్టీలు రెండు జీతాలు ఇవ్వలేరు. ఇద్దరిలో ఒకరిని తీసేయాలి. ఎవరినన్నది అతను చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. విన్‌స్లో తర్వాత వచ్చినవాడు.

పంపు గది గుమ్మంలో విన్‌స్లో బకెట్ పట్టుకుని నిలబడి ఇదంతా విన్నాడు. అతని భార్య మార్నాకు కీళ్ళవాతం. నెలనెలా వేయించే ఇంజెక్షన్లు ఈ ఉద్యోగంతో వచ్చే బీమా మీదే నడుస్తున్నాయి. అతను బకెట్ తీసుకెళ్ళి డబ్బాలో కుమ్మరించి, మళ్ళీ వచ్చి బోర్లా పడుకున్నాడు.

ఆ అంకెనే తగ్గించమని అడగొచ్చు కదా అంది అర్విల్లా. ఒకసారి రాసిన అంకెను రాష్ట్రం తగ్గించదని హార్లన్ అన్నాడు. ఆ మాట అతను ఏళ్ళ తరబడి చెప్తున్నదే. జేబులోంచి టైపు చేసిన రెండు కాగితాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. రేపు కమిటీ ముందు ఇవి చదవాలి, ఒక్క మాట కలపకూడదు, తీసేయకూడదు. తను మాట్లాడితే వ్యాపారి అంటారు, ప్లాంటు నడిపే మనిషి మాట్లాడితే వింటారట.

"జుట్టు దువ్వుకుని వెళ్ళు. వాళ్ళు వీడియో తీస్తారు" అన్నాడు, ట్రక్కు ఎక్కుతూ.

ఆగస్టాకు మూడు గంటల దారి. చలికి ఉబ్బి మిట్టపల్లాలైన రోడ్డు మీద బండి ఎగిరెగిరి పడుతుంటే అర్విల్లా ఆ కాగితాలు దారి పొడవునా బట్టీ పట్టింది. విన్‌స్లోను కాపాడేది ఈ రెండు కాగితాలే అయితే ఒక్క అక్షరం పొల్లుపోకూడదనుకుంది. విచారణ గది బయట బల్ల మీద మూడు జాబితాలున్నాయి. అనుకూలం, వ్యతిరేకం, అటూ ఇటూ కాదు. ఆమె వ్యతిరేకం కింద పేరు రాసి, నడవాలో బెంచీ మీద కూర్చుని, గుడ్డు శాండ్‌విచ్ పొట్లం విప్పింది.

పక్కన ఒక ఆడమనిషి వెన్న రాసి చుట్టిన ప్లోయ్ అనే పలచని అట్లు తింటోంది. ఉత్తరాన నది లోయ మనిషని ఆ అట్లే చెప్తున్నాయి. మెడలో ప్రభుత్వ బిళ్ళ వేలాడుతోంది, పేరు ఒడీల్ సిర్. లైసెన్సుల విభాగంలో పనిచేస్తుందట, కమిటీ ఏమైనా అడిగితే చెప్పడానికి పై అధికారి వెంట తెచ్చాడట. ఏ ఊరని అడిగింది. అర్విల్లా చెప్పగానే ఆమె నమలడం ఆపేసింది.

"మూడు లక్షల గ్యాలన్లు" అంది ఒడీల్. "అరవై వేలు వదిలి మూడు లక్షలకు కట్టే ఊరు. మా ఆఫీసులో మీ ఊరి పేరు తెలియనివాళ్ళు లేరు."

"తగ్గించమంటే మీరు తగ్గించరుగా."

"ఎవరన్నారు ఆ మాట?"

అర్విల్లా హార్లన్ పేరు చెప్పింది. ఒడీల్ వేళ్ళకంటిన వెన్న తుడుచుకుని, చాలా నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. ఐదేళ్ళకోసారి లైసెన్సు కొత్తది చేసేటప్పుడు ఆమే స్వయంగా ఉత్తరం పంపుతుంది. లైసెన్సులో వాడకుండా మిగిలిన గ్యాలన్లను వదులుకుంటారా అని అందులో ఒక ఫారం ఉంటుంది, ఒక్కటే పేజీ. నాలుగుసార్లు పంపింది. నాలుగుసార్లూ 'వద్దు' అని రాసి, కింద హార్లన్ టిబెట్స్ సంతకంతో తిరిగొచ్చింది. ఒకసారి ఉండబట్టలేక ఫోన్ కూడా చేసింది. మా ఫ్యాక్టరీ మూతపడలేదమ్మా, ఆగి ఉంది, అన్నాడట.

అర్విల్లాకు కోపం వచ్చింది. వచ్చిన కోపం ముందు హార్లన్ మీద కాదు, తన మీద. వారం వారం గడ్డపారతో ఆ పెచ్చును పొడిచింది తను. తెర్లే నీళ్ళ పక్కన చలిలో గంటసేపు నిలబడింది తను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఈ ఆఫీసుకు తను ఫోన్ చేసి అడిగి ఉంటే సరిపోయేది. శాండ్‌విచ్ సగం తిని పొట్లం కట్టేసింది. ఆ ఫారం ఒకటి ఇవ్వగలరా అని అడిగింది. ఒడీల్ పై అంతస్తుకు వెళ్ళి రెండు తెచ్చింది, ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుందని.

గదిలో ముందు అనుకూలం వాళ్ళు మాట్లాడారు. తర్వాత వ్యతిరేకం. పెద్ద కాగితపు మిల్లు తరఫు లాయరు మంచి సూటు వేసుకుని వచ్చి, మిల్లు ఫీజుకు ఇప్పుడున్న పైపరిమితి అలాగే ఉంచాలని మర్యాదగా కోరాడు. సభ్యులు అతనికి థాంక్స్ చెప్పారు. ఆ తర్వాత అర్విల్లా పేరు పిలిచారు. ఆమె వెళ్ళి మైకు ముందు కూర్చుని, హార్లన్ కాగితాలు బ్యాగులోంచి తీయకుండా, తనను ఈ జాబితాలోంచి తీసేసి మూడోదాంట్లో వేయమంది. అలాగైతే అందరూ అయ్యాక మాట్లాడాలని, ఇంకా పంతొమ్మిది మంది ఉన్నారని కమిటీ అధ్యక్షురాలు చెప్పింది. ఉంటానని అర్విల్లా లేచి తన కుర్చీకి వెళ్ళిపోయింది. గదిలో కొందరు నవ్వారు. ఆమె పట్టించుకోలేదు.

నాలుగున్నర దాటాక మళ్ళీ పిలిచారు. బల్ల మీద పచ్చదీపం వెలిగింది. మూడు నిమిషాలు.

"నా పేరు అర్విల్లా డార్. స్పర్లింగ్ కోవ్ మురుగు ప్లాంటు నడుపుతాను. ఫీజు పెంచొద్దని చదవమని మావాళ్ళు నాకో కాగితం ఇచ్చారు. అది బ్యాగులో ఉంది, అక్కడే ఉంటుంది. మా ఊరు వదిలేది అరవై వేల గ్యాలన్లు, కట్టేది మూడు లక్షలకు. మిగతాది ఎప్పుడో ఆగిపోయిన చేపల ఫ్యాక్టరీ నీళ్ళు. ఆ లేని నీళ్ళకు నేను వారం వారం గాలి కూడా పెడుతున్నాను. అందులో మీ తప్పేం లేదు. మీరు కాగితం పంపారు, మావాళ్ళు వద్దన్నారు. ఇక మీ తప్పు చెప్తాను. మీ ఇన్‌స్పెక్టర్ మా గేటు దాటి లోపలికొచ్చి ఆరేళ్ళయింది. మేం పంపే లెక్కలు నిజమో అబద్ధమో మీకెలా తెలుసు? పెంచేవాళ్ళు పెంచండి, కానీ మనిషిని పంపండి. ఇందాక సూటులో వచ్చిన ఆయన మిల్లుకి పైపరిమితి ఉంది. మాకు లేదు. నది నిండా వదిలేవాడికి ఒక న్యాయం, బకెట్‌తో వదిలేవాళ్ళకి ఒక న్యాయమా? నాకైతే సిగ్గుగా ఉంది. మీకెలా ఉందో మీరే చూసుకోండి."

దీపం ఎర్రబడలేదు, ఇంకా పసుపురంగులోనే ఉంది. ఇంతకీ మీరు బిల్లుకు అనుకూలమా వ్యతిరేకమా అని ఒక సభ్యుడు అడిగాడు.

"రెండూ కాదండి. అందుకే కదా సాయంత్రం దాకా కూర్చున్నాను" అంది అర్విల్లా.

గురువారం పొద్దున ఆమె ప్లాంటుకు వెళ్ళేసరికి విన్‌స్లో అప్పటికే క్లోరిన్ పరీక్ష చేస్తున్నాడు. ఆ రోజు అతని డ్యూటీ కాదు. చిన్న గాజుసీసాను వెలుతురుకెత్తి గులాబీరంగు చూస్తూ, ఆమె వైపు తిరక్కుండానే చెప్పాడు. విచారణ ఊరంతా చూసిందట. దుకాణంలో కౌంటరు మీద ఫోన్ నిలబెట్టి పదిమంది చేరారట. ఆమె మాట్లాడటం అయ్యాక పాలు, బ్రెడ్డు కొనుక్కుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారట.

"ఆయన ఇచ్చింది చదివేసి రావాల్సింది" అన్నాడు చివరికి. "ఇప్పటిదాకా ఒక ఉద్యోగమే పోయేది. ఇప్పుడు రెండూ పోతాయి."

ఆ మాట ఆమెకు గట్టిగానే తగిలింది. ఎవరి కోసం నోరు విప్పిందో ఆ మనిషే ఇలా అన్నాడు. ఆమె ఫారం తీసి అతని ముందు పెట్టింది. విన్‌స్లో చేతులు తుడుచుకుని రెండుసార్లు చదివాడు. ఈ ఒక్క కాగితమేనా అన్నాడు. ఈ ఒక్క కాగితమే అంది. అంకె తగ్గితే, ఫీజు రెండింతలైనా ఇప్పుడు కట్టేదాంట్లో సగం కూడా కాదు. రెండు జీతాలూ ఉంటాయి. కానీ సంతకం పెట్టాల్సింది చైర్మన్. ప్లాంటు నడిపేవాళ్ళ సంతకం చెల్లదు.

హార్లన్ పదింటికి వచ్చాడు. ట్రక్కు దిగలేదు. అద్దం దించి, ఇంజను ఆపకుండా మాట్లాడాడు.

"నేను పంపింది నా కాగితం చదవమని."

"చదవలేదు."

"ఊరి పరువు తీశావు."

"ఊరిది కాదు హార్లన్. అక్కడ నేను నీ పేరు ఎత్తలేదు, అది నా మర్యాద. నాలుగుసార్లు 'వద్దు' అని రాసింది నువ్వు."

అతను స్టీరింగ్ మీద వేళ్ళతో కొట్టాడు. డెబ్బై దాటిన మనిషి, ఆ పొద్దు ఇంకా ముసలివాడిలా కనిపించాడు. నాచు శుద్ధి చేసే కంపెనీ ఒకటి ఫ్యాక్టరీ కట్టడం గురించి అడుగుతోందన్నాడు. పోయినేడు సాల్మన్ చేపలవాళ్ళు అడిగారు, అంతకుముందు ఇంకెవరో. వచ్చిన ప్రతివాడూ మొదట అడిగేది నీళ్ళెన్ని వదలొచ్చనే. ఆ అంకె చేజారితే మళ్ళీ పుట్టదు. అతను అబద్ధం చెప్పడం లేదని అర్విల్లాకు తెలుసు. నిజంగానే నమ్ముతున్నాడు, అదే ఆమెకు ఇంకా ఒళ్ళు మండించింది. వాళ్ళు వచ్చేదాకా విన్‌స్లో భార్య నొప్పులు ఓర్చుకోవాలా అని అడిగింది. శనివారం మీటింగులో తేల్చుకుందామని, ఆమె ఉద్యోగం సంగతి కూడా అప్పుడే తేలుతుందని చెప్పి అద్దం ఎత్తేశాడు.

శనివారం పది గంటలకు ఫైర్‌స్టేషన్‌లో బళ్ళు రెండూ బయటపెట్టి కుర్చీలు వేశారు. ట్రస్టీల మీటింగుకు మామూలుగా వచ్చేది ఐదుగురు, అందులో ఇద్దరు కాఫీ కోసం. ఆ రోజు అరవై మంది దాకా వచ్చారు. ముందు రెండు వరుసల్లోనూ ముసలి ఆడవాళ్ళు, పదకొండు మంది, కోట్లు విప్పకుండా కూర్చున్నారు. అందరివీ ఒకేలాంటి చేతులు. ఏళ్ళ తరబడి కత్తెరతో చేపల తలలూ తోకలూ కత్తిరించిన కుడిచేతి బొటనవేళ్ళు పక్కకు వంగిపోయి ఉంటాయి. అర్విల్లా బొటనవేలూ అంతే. ఆ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళలో చిన్నది ఆమే, యాభై తొమ్మిదేళ్ళు. అందరికంటే పెద్దది అల్మీడా అత్త, ఎనభై ఆరు. ఊరంతటికీ ఆమె అత్తే.

ముగ్గురు ట్రస్టీల్లో ఒకాయన చలికి ఫ్లోరిడా వెళ్ళి ఉన్నాడు, బల్ల మీది ఫోన్‌లోంచి వింటున్నాడు. రెండో ఆయన దుకాణదారుడు మెర్ల్, హార్లన్ ఎటంటే అటు. అర్విల్లా ఫారం తెచ్చి బల్ల మీద పెట్టి, నాలుగు మాటల్లో సంగతి చెప్పి, విన్‌స్లో పక్కన కూర్చుంది. హార్లన్ ఆ కాగితాన్ని ముట్టుకోలేదు.

"సంతకం రెండు నిమిషాల పని" అన్నాడు అతను. "కానీ ఏం రాస్తున్నామో తెలుసుకుని రాయాలి. ఈ ఊళ్ళో మళ్ళీ పని ఉంటుందన్న మాటకు మిగిలిన ఆధారం ఆ అంకె ఒక్కటే. అది తీసేస్తే వార్ఫు మీద ఉండేది నాలుగు గోడలు. మీలో ఒక్కరు చెయ్యెత్తి, ఫ్యాక్టరీ చచ్చిపోయిందని రాయమనండి. రాస్తాను."

ఒక్క చెయ్యి లేవలేదు. గ్యాలన్లూ ఫీజులూ లెక్కపెట్టి తను కట్టుకున్న వాదన అంతా లేవని ఆ చేతుల ముందు ఎందుకూ పనికిరాకుండా పోతోందని అర్విల్లాకు అర్థమైంది. పక్కకు చూసింది. విన్‌స్లో తన బూట్లు చూసుకుంటున్నాడు. వాళ్ళమ్మ రెండో వరుసలో కూర్చుని ఉంది. సొంత ఉద్యోగం కోసం కూడా అతని చెయ్యి లేవలేదు. అర్విల్లా ఒక్కతే చెయ్యెత్తింది. ఎత్తాక ఎంత బరువుందో తెలిసింది.

"దించు అర్విల్లా" అంది అల్మీడా అత్త, వెనక్కి తిరక్కుండానే. "ముందు నాకో సంగతి తెలియాలి. ఆ కాగితం ఇలా ఇయ్యి."

మెర్ల్ తెచ్చి ఇచ్చాడు. ఆమె సంచీలోంచి భూతద్దం తీసి, ఒక్కొక్క గీత మీద ఆనించి, తీరిగ్గా చదివింది. ఫోన్‌లోంచి ఫ్లోరిడా ఆయన ఏం జరుగుతోందని అడిగాడు.

"ఇక్కడ, మూడో గీతలో. పని ఆగిన తేదీ అని అడుగుతున్నారు. ఏ తేదీ వేస్తావు హార్లన్?"

తేదీ ఏమీ లేదన్నాడు హార్లన్. ఫ్యాక్టరీ మూసినట్టు ఎవరూ ఎప్పుడూ ప్రకటించలేదన్నాడు.

"అదే నేనూ అనేది" అంది అల్మీడా.

ఆ రోజుల్లో ఆడవాళ్ళు గడియారం చూసి పనికి వెళ్ళలేదు. చేపల పడవ ఎప్పుడొస్తే అప్పుడు ఫ్యాక్టరీ ఆవిరి కూత మూడుసార్లు మోగేది. పొయ్యి మీద గిన్నె దించి, పిల్లల్ని పక్కింట్లో వదిలి, వేళ్ళకు పట్టీలు చుట్టుకుంటూ పరుగెత్తేవాళ్ళు. చివరి రోజు కూడా బల్లలు కడిగించి, ఇళ్ళకు వెళ్ళండి, చేపలు రాగానే కూత పెడతాం అన్నారు. అంతే. ఆ తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేదు.

"ఆ చలికాలమంతా నేను కిటికీ రెండు వేళ్ళ మందం తెరిచే పడుకున్నాను" అంది అల్మీడా. "కూత వినపడదేమోనని. మా ఆయన దగ్గుతూ తిట్టేవాడు. అయినా మూయలేదు."

తన అక్క కూతురి పెళ్ళికి పోర్ట్‌లండ్ వెళ్ళలేదని ఒకామె అంది, ఆ రెండు రోజుల్లో కూత మోగితే తన చోటు ఇంకొకరికి ఇస్తారని. విన్‌స్లో తల్లి రెండేళ్ళపాటు పట్టీల చుట్ట కోటు జేబులోనే పెట్టుకు తిరిగిందట. ఆ చివరి రోజు గురువారమని ఒకరు, కాదు శుక్రవారమని ఇంకొకరు, ఆ రోజు చేపలు మరీ చిన్నవని, కాదు పెద్దవేనని, కత్తెర మొద్దుబారిందని, పదకొండు మందీ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. అర్విల్లా వింటోంది. ఫ్యాక్టరీ బల్లల దగ్గర అవే గొంతులు, అదే జోరు. ప్లాంటులో చేరేటప్పుడు తనూ ఒక షరతు పెట్టింది, కూత మోగితే మాత్రం వెళ్ళిపోతానని. ఇప్పటిదాకా ఆ మాట ఆమె పూర్తిగా మరిచిపోయింది.

"అక్టోబరు పంతొమ్మిది" అన్నాడు హార్లన్. "శుక్రవారం."

గొంతులు ఒక్కొక్కటే ఆగాయి. అంత కచ్చితంగా నీకెలా తెలుసని అల్మీడా అడిగింది.

"ఆ సాయంత్రం మా నాన్న పిలిచి బాయిలర్ కొనేవాణ్ణి చూడమన్నాడు. నెల తిరక్కుండా అమ్మేశాం."

"బాయిలర్ లేకపోతే ఆవిరి లేదు" అంది అల్మీడా మెల్లగా. "ఆవిరి లేకపోతే కూత లేదు. నేను కిటికీ తెరుచుకుని పడుకున్న చలికాలమంతా ఇక కూత మోగదని నీకు తెలుసన్నమాట."

నాన్న చెప్పొద్దన్నాడని హార్లన్ అన్నాడు. నాన్న పోయాక ఏమని చెప్పాలో తెలియలేదన్నాడు. రోజులు గడిచేకొద్దీ ఇంకా కష్టమైందని, ఎవరైనా కొనుక్కుని మళ్ళీ నడిపితే చెప్పే అవసరమే ఉండదనుకున్నానని, తల దించుకునే అన్నాడు. ఆ మాటకు అర్విల్లాకు అతని మీద ఏ కొంచెమూ జాలి కలగలేదు. కలగలేదని ఆమె సిగ్గుపడలేదు.

"అయితే ఇప్పుడు చెప్పు" అంది అల్మీడా. "కాగితం మీద రాయడం తర్వాత. వాళ్ళెవరో ఆగస్టాలో ఉన్నవాళ్ళకి తెలియడం తర్వాత. ముందు మాకు చెప్పు. లేచి నిలబడి చెప్పు."

హార్లన్ లేచాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఫ్యాక్టరీ మూతపడింది అన్నాడు. అల్మీడా అతని మొహంలోకి అలాగే చూస్తూ ఉంది. అతను ముందు వరుస ఈ చివర నుంచి మొదలుపెట్టాడు.

"అల్మీడా, ఇక నువ్వు పనికి రానక్కర్లేదు. లోయిస్, నువ్వు రానక్కర్లేదు. బెర్నిస్, నువ్వూ రానక్కర్లేదు."

పదకొండు మందినీ పేరు పేరునా పిలిచాడు. ఒక్క పేరు కూడా తడుముకోలేదు. పిలిచినప్పుడల్లా ఆ మనిషి తల ఊపింది. చివరికి అతని చూపు వెనక వరుసకు వచ్చింది.

"అర్విల్లా" అన్నాడు. "నువ్వు కూడా."

తను ఆ ఫ్యాక్టరీ బల్ల దగ్గర్నుంచి ఎప్పుడో లేచి వచ్చేశానని ఆమె అనుకుంటూ వచ్చింది. విన్‌స్లో కోసమే ఇదంతా చేస్తున్నాననుకుంది. కానీ ఆ మాట వినగానే కళ్ళు నిండాయి. నిండనిచ్చింది. అందరి ముందూ తుడుచుకోకుండానే లేచి, బల్ల దగ్గరికి వెళ్ళి, పెన్ను మూత తీసి హార్లన్ ముందు పెట్టింది.

అతను తేదీ వేశాడు. కారణం అని ఉన్నచోట ఏం రాయాలో తెలియక ఆగాడు. మూతపడింది అని రాయి చాలు, అంది ఆమె. రాశాడు. సంతకం పెట్టాడు. ఇక ఏ జీతమూ తీసేసే పని లేదుగా అని అల్మీడా అడిగితే, లేదని మెర్ల్ చెప్పాడు. ఫోన్‌లోంచి ఫ్లోరిడా ఆయన కూడా లేదన్నాడు. విన్‌స్లో రెండు చేతుల్లో మొహం పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. వాళ్ళమ్మ వెళ్ళి అతని వీపు మీద చరిచింది.

పోస్టాఫీసు శనివారం పన్నెండింటికే మూస్తారు. ఇంకా ఇరవై నిమిషాలుంది. అర్విల్లా కవరు అంటించుకుని బురద రోడ్డు మీద నడవడం మొదలుపెట్టింది. కాస్త దూరం వెళ్ళాక వెనక అడుగుల చప్పుడు వినిపించి తిరిగి చూసింది. పదకొండు మందీ వస్తున్నారు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, గుంతలు తప్పించుకుంటూ. వార్ఫు దగ్గర ఫ్యాక్టరీ ముందునుంచి వెళ్తూ ఎవరూ ఆగలేదు.

పోస్టాఫీసు కిటికీ దగ్గర అల్మీడా కవరు తన చేతికి ఇమ్మంది. చిరునామా ఒకసారి చదువుకుని లోపలికి తోసింది. చెయ్యి వెనక్కి తీయలేదు.

"పంపినట్టు రసీదు కావాలి" అంది. "ఈసారి మాకు కాగితం ఉండాలి."

పోస్టుమాస్టరు ముద్ర వేసి ఇచ్చాడు. ఆమె భూతద్దం తీసి, తేదీ సరిగ్గా పడిందో లేదో చూసుకుంది.